యూనివర్సిటీ లైబ్రరీలో టెక్నికల్ సెక్షన్ నడపడం ఎలా: మార్చి పెట్టెల నుంచి అర దాకా

మార్చి ఆఖరి వారంలో లైబ్రరీ వెనక గుమ్మం దగ్గర వ్యాన్ ఆగుతుంది. అట్టపెట్టెలు ఒకదాని మీద ఒకటి దిగుతాయి. ఏడాదంతా కొనని పుస్తకాలు, బడ్జెట్ మురిగిపోతుందన్న భయంతో ఆ ఒక్క వారంలోనే వస్తాయి. 31వ తేదీలోగా బిల్లులు పంపమని అకౌంట్స్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మీరు టెక్నికల్ సెక్షన్‌కి, అంటే కొత్త పుస్తకాలని రిజిస్టర్‌లో ఎక్కించి, నంబరు వేసి అరకి పంపే విభాగానికి, కొత్తగా ఇన్‌చార్జ్ అయితే, ఆ పెట్టెల మధ్య నిలబడి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడతారు. నేనూ పడ్డాను.

నేను చేరిన లైబ్రరీలో సెక్షన్ అంతా ఒక సీనియర్ గారి జ్ఞాపకం మీద నడిచేది. ఏ పుస్తకానికి ఏ నంబరు అని అడిగితే ఆయన తడుముకోకుండా చెప్పేవారు. ఎందుకు అని అడిగే అవసరం ఎవరికీ రాలేదు. ఆయన రిటైరయ్యాక ఏడాది తిరక్కుండానే ఒకే నవల ప్రతులు రెండు వేర్వేరు అరల్లో చేరాయి. అందుకే కంప్యూటర్ కంటే ముందు, మార్క్ 21 (పుస్తకం వివరాలని కంప్యూటర్‌లో రాసే పద్ధతి) కంటే ముందు, ఒక పని చెబుతాను.

1. నిర్ణయాలు రాసే పుస్తకం ఒకటి పెట్టండి

ఒక లాంగ్‌నోట్‌బుక్ చాలు. సిస్టమ్‌లో ఫైల్ అయినా సరే, కానీ అందరికీ కనబడాలి. అందులో రూల్స్ రాయొద్దు, అవి ముద్రిత పుస్తకాల్లో ఉన్నాయి. రెండు దారులున్న చోట మీ లైబ్రరీ ఏ దారి ఎంచుకుందో, ఏ తేదీన ఎంచుకుందో, ఎందుకో రాయండి. పోటీ పరీక్షల పుస్తకాలు సబ్జెక్టు నంబరులోనా, విడిగా ఒక చోటా? ఒక రచయిత మీద వచ్చిన విమర్శ ఆ రచయిత పక్కనా, విమర్శ అరలోనా? బుక్ నంబరుకి (ఒకే సబ్జెక్టు పుస్తకాలని విడదీసే గుర్తుకి) రచయిత పేరులో మొదటి మూడు అక్షరాలా, పేరుని అంకెల్లోకి మార్చే కట్టర్ నంబరా? ఒక్కో దానికి రెండు వాక్యాలు చాలు.

ఏ దారి ఎంచుకున్నారన్నది అంత ముఖ్యం కాదు. రేపు మరో మనిషి కూర్చున్నా అదే దారిలో వెళ్లాలి, అంతే.

2. పెట్టెలు విప్పే ముందు లెక్క కట్టండి

ఒక రోజు గడియారం పెట్టుకుని 20 పుస్తకాలు పూర్తి చేయండి: యాక్సెషన్ (రిజిస్టర్‌లో వరస నంబరు వేసి ఎక్కించడం), వర్గీకరణ నంబరు, రికార్డు, లేబుల్, స్టాంపు, అన్నీ. ఇంగ్లిషు పుస్తకాలకీ తెలుగు పుస్తకాలకీ వేర్వేరుగా చూడండి. ఇంగ్లిషు వాటికి రికార్డులు దొరుకుతాయి, తెలుగువి చాలావరకు మీరే మొదటి నుంచి చేయాలి. ఉదాహరణకి 3,000 పుస్తకాలు వచ్చాయి, ఇద్దరు పనిచేస్తున్నారు, ఒక్కొక్కరికి రోజుకి 25 అవుతున్నాయి అనుకోండి. అరవై పనిదినాలు. సెలవులు, పరీక్ష డ్యూటీలు కలిపితే జూలై. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి లైబ్రేరియన్ గారికి ముందే ఇచ్చేయండి. ఏప్రిల్ 10న ఒక ప్రొఫెసర్ గారు వచ్చి "నా పుస్తకం ఏది?" అని గట్టిగా అడిగినప్పుడు ఆ కాగితమే మీ తరఫున మాట్లాడుతుంది.

ఏ పుస్తకం ముందు అన్న వరస కూడా అప్పుడే తేల్చుకోండి. ఎవరైనా పేరుపెట్టి అడిగినవి మొదట. తర్వాత టెక్స్ట్‌బుక్కులు: ఒక్క రికార్డు చేస్తే దాని కింద 20 ప్రతులు ఎక్కించవచ్చు, పెట్టెలు చకచకా ఖాళీ అవుతాయి. ఆ తర్వాత తెలుగు. విరాళంగా వచ్చినవి ఆఖరున. రిటైరైన వారి ఇంటి నుంచి వచ్చిన పెట్టెల్ని మాత్రం లోపలికి తెచ్చే ముందు చెదలు చూసుకోండి, ఒకసారి మాకు అరలకు అరలే పాడయ్యాయి.

3. ఆర్డర్ వెళ్లకముందే డూప్లికేట్ పట్టుకోండి

డిపార్ట్‌మెంట్ల ఇండెంట్లు (కొనమని అడిగే జాబితాలు) వచ్చినప్పుడు ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద ఉండే అంతర్జాతీయ నంబరు) ఒక్కదానితో వెతికి ఊరుకోకండి. గట్టి అట్టకి ఒకటి, పేపర్‌బ్యాక్‌కి ఒకటి, ఇండియన్ ఎడిషన్‌కి ఇంకొకటి ఉంటుంది. 2007కి ముందు అచ్చయిన వాటికి 10 అంకెలవి, ఆ తర్వాతవాటికి 13 అంకెలవి. తెలుగు చిన్న ప్రచురణల్లో చాలావాటికి అసలు నంబరే ఉండదు. శీర్షిక, రచయిత, ఎడిషన్ మూడూ చూడండి.

ధర విషయంలో ఒక్క మాట. ఇండియన్ ఎడిషన్ దొరికే పుస్తకానికి డాలర్ ధర వేసిన కొటేషన్లు వస్తుంటాయి. విదేశీ పుస్తకాలకి పుస్తక విక్రేతల సంఘం తరఫున గుడ్ ఆఫీసెస్ కమిటీ ప్రకటించే మారకపు రేటు ఏ తేదీది వర్తిస్తుందో ఆర్డర్‌లోనే రాయించండి. తర్వాత వాదించే ఓపిక మీకూ ఉండదు, సరఫరాదారుకీ ఉండదు.

4. మార్చిలో యాక్సెషన్, ఏప్రిల్లో కేటలాగింగ్

బిల్లు పాస్ కావాలంటే "పై పుస్తకాలు యాక్సెషన్ రిజిస్టర్‌లో ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు వరకు ఎక్కించాం" అని బిల్లు వెనక రాసి సంతకం చేయాలి. కాబట్టి మార్చిలో ఆ పని ఒక్కటే చేయండి. వర్గీకరణ కూడా అప్పుడే చేసేద్దామని కూర్చుంటే రెండూ పాడవుతాయి. హడావుడిలో వేసిన క్లాస్ నంబరు పదేళ్లు అదే అరలో తప్పుగా కూర్చుంటుంది.

అయితే పుస్తకం పెట్టెలో ఉన్నన్నాళ్లూ పాఠకుడికి కనబడకుండా ఉండాల్సిన పనిలేదు. కోహా (లైబ్రరీ సాఫ్ట్‌వేర్) వాడుతుంటే యాక్సెషన్ చేసేటప్పుడే శీర్షిక, రచయిత, సంవత్సరం, ఐఎస్‌బీఎన్‌తో పొట్టి రికార్డు ఒకటి పెట్టి, ఐటమ్‌కి "ప్రాసెసింగ్‌లో ఉంది" అనే నాట్ ఫర్ లోన్ స్టేటస్ ఇవ్వండి. ఆ స్టేటస్‌కి మైనస్ అంకె విలువ ఇస్తే పుస్తకం ఇష్యూ కాదు గానీ రిజర్వ్ చేసుకోవచ్చు. ఎవరు ఏది అడుగుతున్నారో మీకు దానంతట అదే తెలిసిపోతుంది, ముందు ఏ పుస్తకం చేయాలన్న తగువు తీరిపోతుంది. పని పూర్తయ్యాక బ్యాచ్ ఐటమ్ మాడిఫికేషన్‌లో బార్‌కోడ్‌లన్నీ వేసి స్టేటస్ ఒక్కసారే తీసేయొచ్చు.

యాక్సెషన్ నంబరునే బార్‌కోడ్ నంబరుగా ఉంచండి. రెండు వేరైతే ఆడిట్ రోజున పట్టికలు పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాల్సి వస్తుంది.

5. రికార్డు దించుకోండి, కానీ చదివి సేవ్ చేయండి

ఇంగ్లిషు పుస్తకాలకి జెడ్39.50 (ఒక లైబ్రరీ రికార్డుని ఇంకో లైబ్రరీ దించుకునే ఏర్పాటు) ద్వారా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటి చోట్ల నుంచి రికార్డు నిమిషంలో వస్తుంది. చేతిలో ఉన్న పుస్తకం, తెర మీద ఉన్న రికార్డు ఒకటేనా అన్నది మొదట చూడండి. మార్క్ 21లో ఒక్కో వివరానికి మూడంకెల ఫీల్డు ఒకటి ఉంటుంది: ఎడిషన్ 250లో, సంవత్సరం 264లో, పాత రికార్డయితే 260లో ఉంటాయి. మూడో ఎడిషన్ పుస్తకానికి రెండో ఎడిషన్ రికార్డు తగిలించడం చాలా తరచుగా జరిగే తప్పు. 050లో ఉన్నది కాంగ్రెస్ లైబ్రరీ వర్గీకరణ నంబరు, సబ్జెక్టుని దశాంశ అంకెలతో చూపే డ్యూయీ నంబరు 082లో ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలో ఈ రెండూ కలిపేస్తారు, కసరకండి, నోట్‌బుక్‌లో రాయించండి.

082లో ఏ ఎడిషన్ ప్రకారం నంబరు ఇచ్చారో కూడా చూడాలి. పాత ఎడిషన్ నంబరయితే, కంప్యూటర్ సైన్స్ లాంటి సబ్జెక్టుల్లో మీ అర మీద ఉన్న వరసకీ దానికీ పొంతన ఉండకపోవచ్చు. అలాంటప్పుడు దించుకున్న నంబరు పక్కన పెట్టి మీ అర చూసి వేయండి. పుస్తకం దాని తోటి పుస్తకాల పక్కకే చేరాలి.

పాత రికార్డులన్నిటినీ ఆర్‌డీఏ అనే కొత్త కేటలాగింగ్ నియమాల పద్ధతికి మార్చాలని కొందరికి ఉత్సాహం ఉంటుంది. నా మటుకు అది వద్దు. 260 ఉన్నా 264 ఉన్నా విద్యార్థికి పుస్తకం దొరుకుతుంది. ఆ సమయం తెలుగు పుస్తకాలకి పెట్టండి.

6. తెలుగు పుస్తకాలు: అసలు పని ఇక్కడుంది

ఇంగ్లిషు పుస్తకానికి ప్రపంచంలో ఎవరో ఒకరు రికార్డు చేసి ఉంటారు. మన పుస్తకానికి మనమే చేయాలి. పైగా వేరే చోట దొరికినా చాలా వాటిలో శీర్షిక రోమన్ లిపిలో, అక్షరాల పైనా కిందా చుక్కలతో, గీతలతో ఉంటుంది. అలా టైప్ చేసి వెతికే విద్యార్థి ఎక్కడా లేడు.

ముందు లిపి. శీర్షిక 245లో తెలుగులో ఇవ్వండి. అదే శీర్షికను జనం ఫోన్‌లో మెసేజ్ కొట్టేటట్టు మామూలు ఇంగ్లిషు అక్షరాలతో 246లో ఇవ్వండి. మార్క్ 21లో వేరే లిపికి 880 అనే ఫీల్డు ఉంది. శాస్త్రం ప్రకారం అదే సరైనది, కాదనను. కానీ ఇద్దరు మనుషులున్న సెక్షన్‌లో 246 దారే నిలబడుతుంది.

ప్రచురణకర్త పంపిన పీడీఎఫ్ నుంచి శీర్షిక కాపీ చేయకండి. పాత డీటీపీ ఫాంట్లతో, ముఖ్యంగా అను ఫాంట్లతో కంపోజ్ చేసిన తెలుగును కాపీ చేస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేయాల్సిందే.

ఇంకొక చిక్కు కంటికి కనబడదు. "సాఫ్ట్‌వేర్" అని టైప్ చేసేటప్పుడు "ట్" కింద "వ" వత్తుగా చేరిపోకుండా మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే ఖాళీ గుర్తు ఒకటి వేస్తాం. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే వేస్తాయి, కొన్ని వేయవు. మీరు గుర్తుతో ఎక్కించి, పాఠకుడు గుర్తు లేకుండా వెతికితే పుస్తకం ఉండి కూడా ఫలితం సున్నా రావచ్చు. తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. ఒకే మాటను రెండు రకాలుగా రాసి రెండు నమూనా రికార్డులు పెట్టండి, ఓపాక్‌లో (పాఠకులు వెతికే ఆన్‌లైన్ కేటలాగ్‌లో) రెండు రకాలుగానూ వెతికి చూడండి. రెండుసార్లూ రెండు రికార్డులూ రావాలి, ఏది తప్పిందో తెలుస్తుంది. తప్పితే, ఆ మాట రెండో రూపాన్ని కూడా 246లో వేసుకోండి. అలాగే కోహాలో జీబ్రా అనే వెతుకులాట ఇంజిన్ వాడుతుంటే ఇండెక్సింగ్ ఐసీయూ (యూనికోడ్ లిపులకి సరిపడే) పద్ధతిలో ఉందో లేదో సిస్టమ్ చూసేవారిని అడగండి. అది లేకపోతే తెలుగు వెతుకులాట సరిగా పనిచేయదు, మనం ఎంత బాగా టైప్ చేసినా వృథా.

వర్ణక్రమం ఇంకో సంగతి. శీర్షిక అట్ట మీద కాదు, లోపలి టైటిల్ పేజీ మీద ఎలా ఉందో అలాగే ఎక్కించండి. "ఎఱ్ఱన" అని ఉంటే ఎఱ్ఱన అనే. కానీ ఈనాటి పిల్లలు "ఎర్రన" అనే వెతుకుతారు, అది కూడా 246లో వేయండి. అరసున్నలున్న పాత పుస్తకాలకీ ఇదే దారి.

ఇక పేర్లు. ఇది చదివేవాళ్లలో కేటలాగర్లు ఉంటే ఇప్పటికే నిట్టూర్చి ఉంటారు. మన పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది. ఇంగ్లిషు పద్ధతికి అలవాటుపడ్డ సాఫ్ట్‌వేర్, డేటా ఎంట్రీ కుర్రాళ్లు చివరి మాటే ఇంటిపేరు అనుకుంటారు. దాంతో సగం తెలుగు జాతి "రావు" కింద, మిగతా సగం "రెడ్డి", "శర్మ" కింద చేరిపోతుంది. మన మాజీ ప్రధాని పేరే చూడండి. "రావు, పి.వి. నరసింహా" అని ఒకరు, "నరసింహారావు, పి.వి." అని ఇంకొకరు, తెలుగు పుస్తకం వచ్చేసరికి "పాములపర్తి వేంకట నరసింహారావు" అని మరొకరు ఎక్కిస్తే ఒకే మనిషి ఓపాక్‌లో ముగ్గురవుతాడు.

దీనికి మందు అథారిటీ ఫైల్, అంటే ఒక్కో పేరుకి ఖాయం చేసిన రూపాల జాబితా. ఒక రూపం ఎంచుకుని 100లో పెట్టండి, మిగతా రూపాలన్నీ 400లో చూడుము అని ఇవ్వండి. కలం పేరుతోనే లోకానికి తెలిసినవారిని కలం పేరు కిందే ఉంచండి. శ్రీశ్రీని శ్రీరంగం శ్రీనివాసరావు కింద వెతికేవారు పరిశోధకులు మాత్రమే, ఆరుద్రని భాగవతుల సదాశివ శంకర శాస్త్రి అని వెతికేవారు ఇంకా తక్కువ. అసలు పేరు 400లో ఉంటే వారికీ దొరుకుతుంది. నన్నయ, తిక్కన లాంటి ప్రాచీనులకి ఇంటిపేరు జోలికి పోకుండా పేరు కిందే. డాక్టర్, ఆచార్య, శ్రీ వంటివి హెడింగ్‌లోకి రానీయకండి, లేకపోతే "డా" అనే రచయిత మీ లైబ్రరీలో అందరికంటే ఎక్కువ పుస్తకాలు రాసినవాడవుతాడు. మొత్తం పేర్లన్నీ ఒకేసారి చేయాలనుకోవద్దు. ఎక్కువ ఇష్యూ అయ్యే వంద మంది తెలుగు రచయితలతో మొదలుపెట్టండి.

అనువాదాలకి అనువాదకుడి పేరు 700లో, మూల శీర్షిక 240లో తప్పక ఇవ్వండి. తెలుగు ఎం.ఏ. పిల్లలు అనువాదకుడి పేరుతోనే అడుగుతారు.

చివరికి నంబరు. డ్యూయీలో తెలుగు భాష 494.827, తెలుగు సాహిత్యం 894.827. అందులో కవిత్వానికి 1, నాటకానికి 2, కల్పనా సాహిత్యానికి 3, వ్యాసాలకి 4 చేరతాయి. అంటే తెలుగు నవల అంటే 894.8273. మీ దగ్గర ఐదు వేల నవలలుంటే ఐదు వేలకీ ఇంచుమించు అదే నంబరు. ఇంగ్లిషు లైబ్రరీ కోసం రాసిన పద్ధతిలో మనకి దొరికిన మూల ఇంత. ఇక్కడ పుస్తకాన్ని విడదీసేది క్లాస్ నంబరు కాదు, బుక్ నంబరు. మూడు అక్షరాలతో సరిపెట్టుకుంటే "వెంకట" అని మొదలయ్యేవాళ్లంతా ఒక గుంపుగా పడతారు. అందుకే తెలుగు సాహిత్యానికి మాత్రం రచయిత అక్షరాల పక్కన శీర్షిక మొదటి అక్షరం కూడా వేయండి. లేబుల్ మీద అక్షరాలు తెలుగులోనా, ఇంగ్లిషులోనా అన్నది అర సర్దే అటెండర్‌ని అడిగి తేల్చుకోండి. రోజూ సర్దేది ఆ చేతులే. ఏది తేల్చినా నోట్‌బుక్‌లోకి.

7. పాత డేటా: ఎక్సెల్‌తో జాగ్రత్త

పాత రిజిస్టర్లనీ కార్డులనీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని బయటి ఏజెన్సీకి రికార్డుకి ఇంత అని ఇస్తుంటారు. మాకు అలా చేసిచ్చిన ఒక బృందం వందల పుస్తకాలకి రచయిత గడిలో "సంపాదకులు" అని మాత్రమే కొట్టి వెళ్లింది. డబ్బు అప్పటికే ఇచ్చేశారు.

ఒప్పందంలోనే ఒక షరతు పెట్టండి: ప్రతి వెయ్యి రికార్డులకి 50 తీసి పుస్తకంతో పోల్చి చూస్తాం, ఇన్ని తప్పులు దాటితే వెయ్యీ మళ్లీ చేయాలి, ఆ తర్వాతే బిల్లు.

డేటా ఎక్సెల్‌లో వస్తే ముందు గడులన్నీ టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే 13 అంకెల ఐఎస్‌బీఎన్ 9.78ఈ+12 లాగా మారిపోతుంది, యాక్సెషన్ నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, క్లాస్ నంబరు చివరి సున్నా పోతుంది. అలాగే సీఎస్‌వీ ఫైల్‌గా సేవ్ చేసి మూసేశాక ఐఎస్‌బీఎన్ తిరిగి రాదు. ఎక్కించే ముందు మార్క్‌ఎడిట్ అనే రికార్డులు సరిచూసే సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి తెరిచి, ముందు ఒక పది రికార్డులు మాత్రమే కోహాలోకి పంపి ఓపాక్‌లో చూసుకోండి.

రోజూ బ్యాకప్ తీయించండి, కాపీ ఒకటి వేరే బిల్డింగ్‌లో ఉండాలి.

8. థీసిస్‌లు, ఈ-జర్నల్స్

పీహెచ్‌డీ థీసిస్‌కి 502లో డిగ్రీ, యూనివర్సిటీ, సంవత్సరం వేసి, థీసిస్‌ల జాతీయ ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఉన్న లింకు 856లో ఇస్తే సరిపోతుంది. గైడ్ పేరు 700లో మరిచిపోకండి, కొత్త స్కాలర్లు గైడ్ పేరుతోనే వెతుకుతారు.

ఈ-జర్నల్స్ అన్నిటినీ కోహాలో ఒక్కొక్కటిగా ఎక్కించమని ఎవరైనా అంటే మర్యాదగా వద్దనండి. 2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (కేంద్ర ప్రభుత్వ ఈ-జర్నల్స్ పథకం) కిందే 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ దాదాపు 13,000 ఉన్నాయి. మీరు చేయాల్సిన పని వేరే ఉంది: అచ్చు జర్నల్స్ రెన్యువల్ జాబితాని ఆ జాబితాతో పోల్చి, రెండు చోట్లా ఉన్నవాటిని లైబ్రరీ కమిటీ ముందు పెట్టండి. ఆ డబ్బుతో తెలుగు పత్రికల పాత సంపుటాలు బైండింగ్ చేయించవచ్చు.

9. స్టాక్ వెరిఫికేషన్

కేంద్ర యూనివర్సిటీలకి 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 215వ రూల్ ఉంది. 20,000 సంపుటాల వరకు ఉంటే ఏటా పూర్తి తనిఖీ, 50,000 వరకు కనీసం మూడేళ్లకోసారి, అంతకు మించితే మూడేళ్లు దాటకుండా నమూనా తనిఖీ. ఏడాదిలో ఇష్యూ అయిన, చదవడానికి తీసిన ప్రతి వెయ్యి సంపుటాలకి ఐదు పోవడాన్ని ఆ రూల్ మామూలు నష్టంగానే చూస్తుంది, నిర్లక్ష్యమో దురుద్దేశమో లేనంతవరకు. అంటే 60,000 అయితే 300. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం గానీ, ధర ఎంతయినా అరుదైన పుస్తకం గానీ పోతే విచారణ తప్పదు. రాష్ట్ర యూనివర్సిటీల్లో మీకు వర్తించే ఉత్తర్వు ఏదో ఆఫీసులో అడిగి, కాపీ నోట్‌బుక్‌లో అంటించండి. "పోయిన ప్రతి పుస్తకం స్టాఫ్ జీతంలోంచే" అని భయపెట్టేవారికి చూపించడానికి పనికొస్తుంది.

బార్‌కోడ్ రీడర్‌తో అర అరా స్కాన్ చేసి ఆ ఫైల్ కోహా ఇన్వెంటరీ టూల్‌లో వేస్తే దొరకనివాటి జాబితా వస్తుంది. ఆ జాబితా చూసి కంగారుపడి వెంటనే పోయినట్టు రాయకండి. బైండింగ్ గది చూడండి, పక్క అర చూడండి, తర్వాత హెచ్‌ఓడీల గదుల్లో గాజు బీరువాలు చూడండి. మూడో చోట తప్పకుండా కొన్ని దొరుకుతాయి.

తనిఖీ చేసేటప్పుడు అరలో తప్పు చోట ఉన్న పుస్తకాలని ఊరికే సర్దేయకుండా, ఏ నంబరు దగ్గర అలాంటివి ఎక్కువగా ఉన్నాయో రాసుకోండి. మా దగ్గర అవన్నీ ఒకే చోట తేలాయి: 894.8273 అరలో, ఆ సీనియర్ గారు వెళ్లిన ఏడాదివి. వాటికి కొత్త లేబుళ్లు వేయడానికి ఒక వేసవి పట్టింది.

మీకు బదిలీ అయినప్పుడు చార్జ్ లిస్టులో తాళాలు, స్టాంపులు, బార్‌కోడ్ రీడర్ల పక్కన ఆ నోట్‌బుక్‌ని కూడా ఒక ఐటమ్‌గా రాసి, పేజీల లెక్కతో సహా కొత్తవారి సంతకం తీసుకోండి.